బంగారు గీత లేని కప్పు

నేను ఒక పింగాణీ కప్పును. అంచు చుట్టూ బంగారు గీత లేనిదాన్ని. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. నన్ను చూసినవాళ్లందరూ ముందు చూసింది అదే.

మట్టిగా ఉన్నప్పుడు నాకూ మిగతావాటికీ తేడా లేదు. అందరితో పాటే అచ్చులో పోశారు, ఆరబెట్టారు, చెవి అతికించారు, బట్టీలో కాల్చారు. చివర్లో ఒకావిడ మమ్మల్ని తిరిగే పీట మీద ఒక్కొక్కటిగా నిలబెట్టి, సన్నటి కుంచెతో అంచుకు బంగారు రంగు గీత వేసేది. సరిగ్గా నా వంతు వచ్చేసరికి టీ గంట కొట్టారు. ఆవిడ లేచి వెళ్లింది. తిరిగొచ్చాక నా తర్వాతి కప్పుతో మొదలుపెట్టింది. పెట్టెలో ఆరు ఉండాలి కాబట్టి నన్నూ అయిదింటి పక్కన సర్ది పంపేశారు.

ఆ పెట్టె గోదావరి పక్క ఊళ్లో ఒక గృహప్రవేశానికి కానుకగా వెళ్లింది. మనుషులు వాడుకోమని ఇచ్చినవాటిని దాచుకుంటారు. దాచుకోవలసినవాటిని ఎక్కడ పెట్టారో మరిచిపోతారు. ఆ ఇంటి నాయనమ్మ సూరమ్మ మమ్మల్ని వెలుతురులో తిప్పి చూసి, అయిదింటిని అద్దాల బీరువాలో పెట్టించింది. "ఈ బోసిదాన్ని చింతపండు నానేసుకో," అని నన్ను కోడలి చేతికి ఇచ్చింది.

కోడలి పేరు మంగతాయారు. చింతపండు పని లేనప్పుడు ఆమె నాలో టీ తాగేది. తాగేది అనడం కొంచెం ఎక్కువేమో. అత్తగారికి, భర్తకు, కూతురికి, పాలు పోసే మనిషికి, ఎదురింటి వరాలుకు స్టీలు గ్లాసుల్లో పోశాక గిన్నె అడుగున ఏం మిగిలితే అది నాలోకి వచ్చేది. అప్పటికి అది చల్లారిపోయేది. ఏడేళ్లలో నేను ఒక్కసారి కూడా సగం దాటి నిండలేదు.

ఇలా ఉండగా ఆ ఇంటికి మైక్రోవేవ్ వచ్చింది. ఎరువుల కొట్టువాళ్ల లక్కీ డ్రాలో ఇంటాయన సత్తిబాబుకు తగిలింది. రెండు రోజులు ఊరంతా వచ్చి చూసి వెళ్లింది. మూడో రోజు దాని మీద కుట్టు పని చేసిన గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. లోపల అప్పడాలూ రేషను కార్డూ దాచారు. అప్పడాలు మెత్తబడటం లేదని నాయనమ్మ దాన్ని మెచ్చుకుంది కూడా.

దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఒక్క హిమబిందే చదివింది. తాయారు కూతురు, పదో తరగతి. ఇంట్లో ఆ పిల్ల గొంతు వినిపించేది తక్కువ. ఏదైనా అడగాలంటే గుమ్మం పట్టుకుని నిలబడి, ఎవరూ అడగకపోతే అలాగే వెనక్కి వెళ్లిపోయేది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని వంటల పేజీ వరకు వచ్చింది. అక్కడ కప్పులో కేకు చేసే పద్ధతి ఉంది. పైన 'ఒక్కరికి సరిపడా' అని రాసి ఉంది. ఆ మాట చదివి ఆ పిల్ల తలెత్తి తల్లిని చూసింది. తాయారు అప్పుడు నాలో అడుగు టీ వంపుకుంటోంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం బిందు అప్పడాలూ రేషను కార్డూ బయటపెట్టింది. అమ్మ కోసం కదా అని, బీరువాలోంచి బంగారు గీత కప్పు తీసింది. పుస్తకంలో జాగ్రత్తల పేజీ వంటల పేజీ తర్వాత ఉంది. అక్కడిదాకా ఇంకా చదవలేదు. మీట తిప్పగానే గీత చుట్టూ పటపటమని నిప్పురవ్వలు లేచాయి.

"ఏమే, దీపావళి పెట్టెలో చేస్తన్నావా?" అని నాయనమ్మ మంచం దిగి వచ్చింది. బంగారు గీత నల్లబడింది. తాయారు ఆ కప్పును బీరువాలో వెనక వరసకు నెట్టేసింది.

మర్నాడు బిందు జాగ్రత్తల పేజీ చదివింది. అంచుకు లోహపు రంగు ఉన్న కప్పులు లోపల పెట్టకూడదట. ఇంట్లో ఏ గీతా లేని కప్పు ఒక్కటే ఉంది. తర్వాతి ఆదివారం నాలోంచి చింతపండు తీసేసి మూడుసార్లు తోమింది. నాకు లేనిదాని వల్ల నాకు మర్యాద దక్కడం అదే మొదలు.

గోధుమపిండి, బెల్లం తురుము, చిదిమిన అరటిపండు, పాలు, నాలుగు చుక్కల నూనె, చిటికెడు వంట సోడా. సగానికే పోసింది. నిమిషన్నర తిరిగాను. సగం పోసింది పొంగి నా అంచు దాకా వచ్చింది. నిండటం అంటే ఇలా ఉంటుందని నాకు తెలియదు.

బిందు నన్ను గుడ్డతో పట్టుకెళ్లి తల్లి ముందు పెట్టింది. "నీకే" అనాలి. పక్కన చెంచా పెట్టి, వెళ్లి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అబ్బ, ఎంత బాగా పొంగిందే," అంది తాయారు. చెంచా తీసుకుంది. మొదటి చెంచా దేవుడి గూట్లో. తర్వాత అత్తగారికి, భర్తకు, కూతురికి. ఇంతలో వరాలు వస్తే, "నోరు తెరువు," అని ఆమెకు. నేను తిరిగి వచ్చేసరికి నా గోడలకు అంటుకున్నదే మిగిలింది. దాన్ని వేలితో తీసి నాకి, "చాలా బాగుంది," అంది తాయారు.

ఇంకో మూడు ఆదివారాలు అంతే. ఒక్కరికి సరిపడా చేసినది ఆ ఇంట్లో అయిదుగురికి సరిపోతూనే ఉంది. ఎవరైనా తినకుండా ఉంటే ఆ తల్లికి ముద్ద దిగదు. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు, మానమని కూడా ఎవరూ చెప్పలేదు.

అయిదో ఆదివారం బిందు పద్ధతి మార్చింది. ముందు నాయనమ్మకు చేసింది. నన్ను కడిగి, తండ్రికి చేసింది. మళ్లీ కడిగి, వరాలును పిలిచి ఆమెకు చేసింది. కరెంటు మీటరు గిర్రున తిరుగుతోందని సత్తిబాబు ఒక చెంచాకూ ఇంకో చెంచాకూ మధ్య రెండుసార్లు గుర్తుచేశాడు, కానీ తినడం ఆపలేదు. ఆఖరికి డబ్బాలో పిండి దులిపి నాలో పోసింది. దేవుడి గూట్లో మొదటి చెంచా తనే పెట్టేసింది. అప్పుడు నన్ను తల్లి చేతికి ఇచ్చింది.

తాయారు అలవాటుగా చెంచా పట్టుకుని బయల్దేరింది.

"అత్తయ్యా, కొంచెం..."

"నా వల్ల కాదమ్మా. కప్పుడు తిన్నాను."

"ఏవండీ?"

"వద్దు తాయారూ, ఇప్పుడే మంచినీళ్లు కూడా తాగేశాను."

తాయారు వీధి గుమ్మం దాకా వెళ్లింది. "వరాలూ."

"ఇందాకే తినేశాను అక్కా," అని ఎదురింట్లోంచి జవాబు. "నువ్వు తిను. నీకు మాత్రం నోరు లేదా?"

తాయారు వీధి అటూ ఇటూ చూసింది. ఎండలో ఎవరూ లేరు. వెనక్కి తిరిగి కూతురి వైపు చెంచా చాపింది.

"నేను తిన్నానమ్మా. కడుపు నిండిపోయింది," అంది బిందు. ఆ పిల్ల నోటి నుంచి అంత పెద్ద మాట నేను వినడం అదే మొదటిసారి. అది అబద్ధమని ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. ఎవరెవరు తిన్నారో నాకు తెలియదా?

తాయారు గడప మీద కూర్చుంది. ఏదో తప్పు చేస్తున్నదానిలా మొదటి చెంచా తిన్నది. రెండోది కాస్త నెమ్మదిగా. మధ్యలో ఒకసారి లేవబోయి, ఎవరి కోసం లేవాలో తోచక మళ్లీ కూర్చుంది. తర్వాత ఎవరి వంకా చూడలేదు. చెంచా నా అడుగుకు తగిలి చప్పుడైంది. ఆమె నన్ను వెలుతురుకు వంచి లోపలికి చూసింది. ఇంకా ఏమైనా ఉందేమోనని చూసింది. ఎవరికో పెట్టడానికి కాదు.

నన్ను కడిగేటప్పుడు ఆమె చేయి జారింది. నా చెవి విరిగింది. విరిగింది ఇంట్లో ఉంచకూడదని నాయనమ్మ నన్ను పెంట మీద పారేయమంది. బిందు నన్ను గౌను చాటున దాచి తన బల్ల మీదికి చేర్చింది. ఇప్పుడు నాలో రెండు పెన్నులు, ఒక పెన్సిలు ఉన్నాయి. పక్కనే ఆ పిల్ల డైరీ తెరిచి ఉంటుంది. నేను చదువుతానని ఆ పిల్లకు తెలియదు. మొదటి నాలుగు ఆదివారాల పేజీల్లో 'అమ్మ తిన్నది: ఒక వేలు' అని ఉంది. అయిదో ఆదివారం పేజీలో 'అమ్మ మొత్తం తినేసింది' అని రాసి, 'మొత్తం' కింద స్కేలు పెట్టి ఒక గీత గీసింది.

ఆ గీత నాదే అనుకుంటున్నాను.