వాక్యం చివరి మాట

వాక్యాన్ని చివరిదాకా చదవనివాడికి ఎదుటి మనిషి పూర్తిగా కనిపిస్తాడా? పొయ్యి మీద పులుసు తెర్లుతుంటే నన్ను నేను అడుగుతున్నది ఇదే.

ప్రొద్దుటూరు బడిలో తెలుగు చెబుతాను. ట్యాబులు వచ్చాక పిల్లలు పాఠాన్ని వేలితో పైకి తోసేస్తున్నారు. అడిగితే మొదటి మాటలే అప్పజెబుతారు. మన భాషలో కాదనే మాట చివర వస్తుంది. అక్కడిదాకా ఆగనివాడికి అన్నీ అవుననే వినిపిస్తాయి. ఈ సంగతి ఒకసారి నా భర్త చెన్నకేశవతో అన్నాను. జమ్మలమడుగులో ఆయన పార్టీ నాయకుడు.

"పులుసులో ఉప్పెయ్యను రాదు గానీ, టీచరమ్మ మనకు వ్యాకరణం చెప్తాంది సూడండప్పా!" అని వరండాలో ఉన్నవాళ్లను నవ్వించాడు.

పోలింగ్ మర్నాడు ఆయన ఫోనుకు పొడుగాటి మెసేజి వచ్చింది. తెర మీద కనిపించిన చివరి ముక్క: "మన ఏజెంటు తల పగలగొట్టింది టైలర్ దావూద్". దాని కింద, మరింత చదవండి. ఆయన నొక్కలేదు. ఫోను చార్జింగులో వదిలేసి, మనుషులను కేకేసి జీపులో వెళ్లాడు. నేను నొక్కాను. "అని ఊరంతా అంటాండేది నిజం కాదు. ఆ పొద్దు ఆయప్ప పులివెందులలో పెండ్లిలో ఉండినాడు."

వీధి మలుపుదాకా పరుగెత్తాను. అప్పటికే జీపు లేదు, దుమ్మే ఉంది.

దావూద్ కుడిచేతి వేళ్లు చితక్కొట్టారు. నా రవికెలు కుట్టే వేళ్లు. చెన్నకేశవ అన్నానికి కూర్చున్నప్పుడు మెసేజి మొత్తం చదివి వినిపించాను.

"అయితే ఏందిప్పుడు? ఎవుని ఏళ్లయితేనేం, బయం పడింది గదా. పెరుగెయ్."

చివరిదాకా చదివినా ఆయన కొట్టేవాడే. తెరను నిందించడం నాకు అనుకూలమైన వేదాంతం. పెరుగు వేశాను. పెళ్లయిననాటి నుంచి నా వాక్యాలన్నీ అంతే, చివరి మాట గొంతులోనే మింగినవి.

ఇప్పుడు వరండాలో ఎస్సై ట్యాబు పట్టుకుని కూర్చున్నాడు. రాజీకి పిలిపించిన దావూద్ భార్య మైమూన్ గడప బయట ఎండలో నిలబడి ఉంది. ఆమెను కూర్చోమన్నవారు లేరు.

"ఏమే, ఇట్ల రా," చెన్నకేశవ పిలిచాడు. "ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉన్నానని రాసినారు. ఈడ ఏలుతో సంతకం గీకు. అంతా సదివే పనిల్యా."

పొయ్యి ఆపాను. ట్యాబు అందుకుని చివరిదాకా చదివాను.

"ఊరికే, ఫార్మాలిటీ మేడం," అన్నాడు ఎస్సై.

"తిరగరాసుకోండి సార్. దావూద్‌ను కొట్టిన పొద్దు నా మొగుడు ఇంట్లో లేడు."