ట్రంపెట్ మీది మూడు చుక్కలు

సంతలో ఎద్దు పళ్ళు చూసే బేరగాడిలా సత్తిరాజు ఆ ట్రంపెట్‌ను తిప్పి తిప్పి చూస్తున్నాడు. పాత బ్యాండు సామాను కొని ఎక్కడెక్కడి వాళ్ళకో అమ్మడం అతని పని. పొద్దున్నే పాయకరావుపేట నుంచి బండి మీద వచ్చాడు.

ఎదుటి కుర్చీలో జోసఫ్ రాజు మాస్టారు. నర్సీపట్నంలో ట్రంపెట్ పట్టిన ప్రతివాడికీ ఆయనే గురువు. ఈ బేరం తేలేది ఆయన మాట మీదే. 

ముప్పై ఏళ్ళ కిందట ఫ్రాన్సు సరుకని చెప్పి దీన్ని శిష్యుడు ప్రభుకుమార్‌కి అంటగట్టింది ఆయనే. నిజానికి అది బ్యాండు వాయిద్యాలు చవగ్గా తయారయ్యే మీరట్ నుంచి తెచ్చిన పేరులేని సరుకు. బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టే లచ్చన్న చేత దాని గరాటా లాంటి మూతి అంచున ఓ ఫ్రెంచి కంపెనీ పేరు కొట్టించాడు. ఆ పేరు చూసి ప్రభుకుమార్ పాడి గేదెను అమ్మి మరీ కొన్నాడు. ఇప్పుడతను లేడు. అతని భార్య దయావతి తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. కూతురు జెన్నీ నర్సింగు చదువు ఈ ట్రంపెట్ మీదే ఆనుకుని ఉంది.

సత్తిరాజు మధ్య పిస్టన్ పైకి లాగి వేలితో తుడిచాడు. “కంపెనీదయితే లక్షా ఇరవై. కాకపోతే ఇత్తడి తూకమే. నాకు మొగమాటం నేదు.”

“కాకపోడమేటండీ?” దయావతి కసిరింది. “మా ఆయన నన్నయినా వొగ్గీసేవోడు గానీ దాన్నొగ్గలేదు. సింతపండెట్టి రోజూ తోమీవోడు.”

“అదే కొంప ముంచింది. తోమి తోమి పేరు అరగదీసీసినాడు.”

సత్తిరాజు ఫోన్ కెమెరాలో బొమ్మ పెద్దది చేసి గరాటా మీద పెట్టాడు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. గీతలు కావు, సన్నని చుక్కల వరసలు. పేరు చివర మరో మూడు చుక్కలు, పొయ్యిరాళ్ళలా.

“ఈ మూడు సుక్కలేటి మాస్టారూ? మోడల్ గుర్తా?”

మాస్టారి నోరు ఎండింది. ఆయన మొహం చూసి దయావతి పెళ్ళినాటి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ట్రంపెట్ పక్కనే పెట్టింది. గ్లాసు మీద చుక్కల అక్షరాల్లో ఆమె పేరు. చివర మూడు చుక్కలు. ఏ పేరు కొట్టినా లచ్చన్న పెట్టే గుర్తు అది. ఊళ్ళో సగం ఇళ్ళ గిన్నెల మీద ఉంటుంది.

ఆ పేరు కనబడకుండా మాస్టారు గ్లాసును అరచేత్తో మూసి పట్టుకున్నాడు. నీళ్ళు తాగాడు. కింద పెట్టలేదు.

“గుర్తే అయ్యుంటాది.”

“అయ్యుంటాది కాదు. కంపెనీదేనని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి, ఇక్కడే డబ్బిచ్చీసి ఎల్లిపోతాను. రేపు అవతలోడు కాదంటే మాత్రం మీ గుమ్మంలోనే కూకుంటాను.”

దయావతి కాగితం తెచ్చింది, పెన్ను తెచ్చింది. “బేగి రాసీండి మాస్టారూ. ఆయనుంటే మీ మాటకి కాయితం అడగనిచ్చీవోడా?”

ఒక చేత్తో కాగితం అదిమి, ఇంకో చేత్తో పెన్ను పట్టుకోవాలంటే గ్లాసు వదలాలి.

మాస్టారు గ్లాసును ట్రంపెట్‌కి ఆనించి, పేరు సత్తిరాజు వైపుకి తిప్పి పెట్టాడు.

“ఫోను ఇటెట్టు బాబూ.”

సత్తిరాజు గ్లాసు చూశాడు, గరాటా చూశాడు, మళ్ళీ గ్లాసు చూశాడు. ఫోన్ జేబులో పడేసుకున్నాడు. “మీరట్టా?”

“మీరట్టే. పేరు కొట్టించింది నానే.”

ట్రంపెట్ అక్కడే వదిలేసి సత్తిరాజు వెళ్ళిపోయాడు. బండి చప్పుడు సందు మలుపు దాటింది. దయావతి గ్లాసు అందుకుని, బొటనవేలితో ఆ మూడు చుక్కలూ తడిమింది.

“మా ఆయనకి తెలుసా?”

“తెలీదమ్మా.”

“గేదెని తోలుకెల్లిపోయిన రోజు నాను కూడు తిన్నేదు.” గ్లాసు బోర్లించింది. “మీరొచ్చినప్పుడల్లా దీంతోనే నీళ్ళిచ్చీదాన్ని. ఎలాగ దిగినాయి మాస్టారూ గొంతులోకి?”

ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటూ లేవబోయాడు.

“ఎక్కడికి? కూకోండి. జెన్నీ వచ్చీ ఏళయింది. దానికి మీ నోటితోనే సెప్పండి.”

ఆయన కూర్చున్నాడు.