మీతో చెప్పుకున్న మాట

రెండు క్యారేజీలు కట్టి, అత్తగారి మాత్రలు పూటపూటకీ విడదీసి పెట్టి, చివరికి ఆమె తన మాత్ర నోట్లో వేసుకుంటుంటే భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు.

"ఇవాళేగా మీటింగు? వేసుకో, వేసుకో. అక్కడ వణికావంటే పరువు పోతుంది."

ఆమె నీళ్లు తాగి గ్లాసు బోర్లించింది. రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్లుగా టెక్నీషియన్. సెక్షన్ ఇన్‌ఛార్జి పదవి ఖాళీ అయింది. ఎవరికిస్తారో ఇవాళ తేలుతుంది. కానీ ఆమె గుండెలో గుబులు పదవి గురించి కాదు, నోరు జారిన ఒక మధ్యాహ్నం గురించి.

నెల కిందట స్టోర్ రూములో ఉన్నట్టుండి చేతులు వణికి, ఊపిరాడక అట్టపెట్టె మీద కూలబడింది. ల్యాబ్ హెడ్ మేడమ్ చూసి, నీళ్లిచ్చి, వీపు నిమిరింది. "చెప్పుకో తల్లీ, అక్కలాంటిదాన్ని." ఆ మాటకు కట్ట తెగింది. డాక్టరు, మాత్రలు, చుట్టాలు వస్తే తన భయం మీద ఇంట్లో సాగే జోకులు, అన్నీ చెప్పేసింది. ఆ సాయంత్రం ఒళ్లు తేలికపడింది కూడా. అదే భర్తకు చెబితే "నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటి గుట్టు ఆఫీసులో విప్పుతావా?" అన్నాడు. ఆ గుట్టును ఆడపడుచులకూ, పక్కింటాయనకూ నవ్వుతూ విప్పింది అతనే. జబ్బు ఆమెది, కబురు మాత్రం అందరిదీ.

అప్పట్నుంచి మేడమ్ రోజూ కౌంటరు అవతలినుంచి అందరి ముందూ అడిగేది, "నిద్ర పట్టిందా అమ్మా?" అని. మిషను దగ్గర ఎవరైనా ఇద్దరు నవ్వుకుంటే తన గురించేనేమో అనిపించేది. ప్రతి సీసా మీది పేరూ మూడుసార్లు చదివేది. ఎక్కడ చిన్న తప్పు దొర్లినా, దాన్ని మాత్రలకే అంటగడతారని భయం.

మీటింగులో మేనేజరు ఫైలు తెరిచి, "సీనియారిటీ ప్రకారం మీకే రావాలి" అన్నాడు.

మేడమ్ గొంతు తగ్గించింది. "పనిమంతురాలే సార్. కానీ పాపం, భయానికి మందులు వాడుతోంది. ఇంట్లోనూ మనశ్శాంతి లేదు. ఈ బరువు కూడా నెత్తిన పెడితే మనకే పాపం."

గదిలో అందరూ ఆమెను జాలిగా చూశారు. 'అవును సార్, వద్దులెండి' అన్న మాట పెదవి దాకా వచ్చింది. అనేస్తే గండం గడిచిపోతుంది. కానీ ఆ మెత్తటి గొంతులో, చుట్టాల ముందు భర్త నవ్వే నవ్వే ఆమెకు వినిపించింది.

"మేడమ్, ఆ రోజు మీతో చెప్పుకున్నాను. మీటింగులో చెప్పడానికి కాదు."

గొంతు వణికింది. వణకనిచ్చింది.

"మందులు వాడుతున్న మాట నిజమే సార్. ఈ ఏడాది నా చేతిమీదుగా వెళ్లిన రిపోర్టుల్లో తప్పులుంటే చూపించండి. దాన్నిబట్టి తేల్చండి."

"నీ మంచికేనమ్మా అన్నాను," అంది మేడమ్, ముఖం మాడ్చుకుని.

"నా మంచేమిటో ముందు నన్ను అడగాల్సింది మేడమ్."

మేనేజరు చాలాసేపు కాగితాలు తిప్పాడు. ఒక్క తప్పూ దొరకలేదు. మూడు నెలలు ఆ పదవిలో ఉంచి చూస్తామన్నాడు.

ఇంటికొచ్చాక భర్త "ఏమైంది?" అన్నాడు. "ఇచ్చారు" అని ఊరుకుంది. మిగతాది చెబుతుందని అతను కాసేపు ఎదురుచూశాడు.

కొత్త కుర్చీలో మూడో రోజు, గాజు సామాను కడిగే పెద్దావిడ సెలవు కాగితం పట్టుకొచ్చి తలుపు దగ్గర నిలబడింది. కారణం అన్న చోట ఏమీ రాయలేదు.

"రాయకపోతే కుదరదా మేడమ్?"

ఆమె సంతకం పెట్టింది. పెట్టాక సందేహం వచ్చింది. మరీ ముక్తసరిగా ఉన్నానా? ఆ రోజు స్టోర్ రూములో తనకూ ఒక మనిషి కావాల్సి వచ్చింది కదా.

"చెప్పుకోవాలనుంటే తలుపేసి కూర్చో అక్కా, ఈ గది దాటదు. వద్దనుకుంటే కాగితం తీసుకెళ్లు. సెలవైతే ఇచ్చేశాను."

పెద్దావిడ కాగితం మడుచుకుని వెళ్లిపోయింది.

ఏమై ఉంటుందో తెలుసుకోవాలన్న ఆరాటం తనలోనూ బుసలు కొట్టింది. ఆమె దాన్ని అక్కడే కూర్చోబెట్టి, లేచి పనిలోకి వెళ్లింది.