అన్ని సైట్లకీ అనుమతి

తడిగిన్నెలు తుడిచి అరలో బోర్లిస్తున్నాను. వంటగదికీ ముందుగదికీ మధ్య తలుపు లేదు. చప్పుడు చేయకపోతే అక్కడి మాటలన్నీ వినిపిస్తాయి.

మావయ్య తన కొత్త యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. అక్క రాసిన ఎక్స్‌టెన్షన్‌ని కొనడానికి. కంపెనీలో మావయ్యకి ఇది మొదటి బేరం. కుదిరితే ఉద్యోగం ఖాయమవుతుంది. అందుకే పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని, కొత్త బూట్లు వేసుకుని వచ్చాడు.

ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. బస్సు టికెట్ల సైటు ఒకటి మొదట తక్కువ ధర చూపించి, చివర్లో ఒక్కో ఛార్జీ కలుపుతుంది. పైగా త్వరపడమని ఎర్ర అక్షరాలు ఆడిస్తూ కంగారు పెడుతుంది. అక్క ప్రోగ్రాం ఆ అక్షరాలని దాచేసి, మొత్తం ధర ముందే చూపిస్తుంది. అమ్మ ప్రయాణాల కోసమని రాసింది. ఆ నోటా ఈ నోటా పాకి వేలమంది పెట్టుకున్నారు. పోయిన వారం ఆ సైటు లాయర్ నోటీసు పంపాడు. మా పేరూ మా లోగో వాడుకున్నారు, మా పేజీని మార్చి మా వ్యాపారం చెడగొడుతున్నారు, ఆపకపోతే కోర్టుకెళ్తాం అని.

"వినవే నా తల్లీ," అన్నాడు మావయ్య. "కోర్టు గొడవ నీకెందుకు? వీళ్ళకి ఇచ్చేసెయ్. ఆ తలనొప్పి వీళ్ళు పడతారు."

"నా తలనొప్పి కొనుక్కోవడానికి ఇంత దూరం వచ్చారా మావయ్యా? మరీ ఇంత మంచివాళ్ళా?"

యజమాని నవ్వాడు. "మాకు లాయర్లున్నారమ్మా. ఆ పేరూ లోగో వెంటనే తీసేస్తాం."

"మరి ధర చూపించడం?"

"అదీ తీసేస్తాం. బస్సుల సైటుతో మాకు పోట్లాట దేనికి?"

"అది తీసేస్తే ఇంకేం మిగులుతుందండీ?"

"పెట్టుకున్నవాళ్ళు మిగులుతారు కదా. అన్ని సైట్లకీ అనుమతి ఇచ్చేసి ఉన్నారు. మళ్ళీ అడగక్కర్లేదు. ఎవరు ఏ పేజీలు చూస్తున్నారో ఆ వివరాలు కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు."

తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టేశాను.

ఆ అనుమతి అక్క చేసిన పొరపాటు. డబ్బు కట్టే పేజీలు రకరకాల చిరునామాల్లో తెరుచుకునేవి. ఒక్కొక్కటీ వెతకలేక, 'అన్ని సైట్లూ చదవడానికి, మార్చడానికి' అని అడిగేసింది. జనం చదవకుండానే సరే అని నొక్కారు. మిగతా సైట్ల జోలికి అక్క ఏనాడూ పోలేదు.

"అక్కా," అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "అమ్మ క్లినిక్ కంప్యూటర్‌లో కూడా ఉంది అది."

అమ్మ అక్కడ రోగుల వివరాలు ఎక్కిస్తుంది.

"అబ్బో, గోడకి నోరొచ్చిందే!" అన్నాడు మావయ్య. తనొక్కడే నవ్వాడు.

అక్క లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుంది. "మా లాయరమ్మని నిన్న కలిశాను. పేరూ లోగో వాళ్ళవి, తీసేయమంది. పేజీ మార్చడం సంగతి వాదించొచ్చు కానీ, గెలుస్తామని మాటివ్వలేనంది. సరే, వాదిద్దామన్నాను. ఇక ఈ అనుమతి. ఇల్లు ఊడుస్తానని చెప్పి బీరువా తాళాలు కూడా పుచ్చుకున్నాను. అవి తిరిగిచ్చెయ్యాలి."

"ఇప్పుడేం తొందరే? ఆయన ఎదురుగా..."

"ఆయన ఎదురుగానే మంచిది మావయ్యా."

కొత్త పేరు, కొత్త బొమ్మ పెట్టింది. అన్ని సైట్లూ అన్నచోట బస్సుల సైటూ, దాని డబ్బు కట్టే పేజీలూ మాత్రమే ఉంచింది. అవి ఏవేవో నేనే ఒక్కొక్కటీ చెప్పాను. అమ్మకి టికెట్లు తీసిపెట్టేది నేనే కదా. అక్క తలెత్తకుండా టైపు చేసింది.

"అప్‌డేట్ పంపించేశాను. ఎక్స్‌టెన్షన్లు ఉండే స్టోర్‌వాళ్ళు తనిఖీ చేశాక అందరికీ చేరుతుంది. తర్వాత ఎవరికైనా ఎక్కువ అనుమతి కావాలంటే, పెట్టుకున్న ప్రతి మనిషినీ మళ్ళీ అడగాల్సిందే," అంది యజమానితో. "ఇప్పటికీ కొంటారా?"

ఆయన అక్కతో కాకుండా మావయ్యతో అన్నాడు. "నాకు చెప్పిందేంటి, ఇక్కడ జరిగిందేంటి? నువ్విక ఆఫీసుకి రానక్కర్లేదు." ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మావయ్య కుర్చీలోంచి లేవలేదు.

"వాళ్ళు ఏం చేస్తారో నీకు ముందే తెలుసా మావయ్యా?" అంది అక్క. గొంతులో కోపం లేదు.

మావయ్య నేలకేసి చూశాడు.

"తెలుసన్నమాట. సరే. రేపు ఇద్దరం కూర్చుని నీకు వేరే ఉద్యోగం వెతుకుదాం. నీ మాటకారితనానికి పనులే లేవా? ముందు భోంచెయ్, ఆకలి మీదున్నావు."

నేను తుడిచిన కంచాల్లోంచి మూడు తీశాను. మావయ్య వంగి బూట్ల తాళ్ళు బిగించుకున్నాడు. అక్క భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు.