నాలుగు మూరల కాలవ

జిల్లా బోర్డు ప్రెసిడెంటుగారు కాలవ చూడ్డానికి ఏలూరు నుంచి వస్తున్నారన్న కబురు కంటే ముందు అచ్చమ్మకి కొత్త గెడ వచ్చింది.

ఓవర్సీరు నాగేశ్వరరావు దాన్ని తనే మోసుకొచ్చి రేవులో దోనెకి ఆనించాడు. నున్నటి వెదురు గెడ. పొడుగునా కొబ్బరితాడు కట్లు ఉన్నాయి. కొల్లేట్లో పడవ నడిపేవాళ్లందరూ గెడకి మూరకో కట్టు కట్టుకుంటారు. నీళ్లలో దింపి ఎన్ని కట్లు తడిశాయో చూస్తే లోతు తెలిసిపోతుంది. అచ్చమ్మ అలవాటు కొద్దీ మోచెయ్యి ఆనించి చూసింది. కట్టుకీ కట్టుకీ మధ్య జానెడే ఉంది.

"ఇదేంటండీ, సగం సగానికే కట్టేశారు?"

"రేపు ప్రెసిడెంటుగారు లోతెంత అనడుగుతారు. తడిసిన కట్లు చూపించి నాలుగు మూరలని చెప్పు. మెంబరుగారు చెప్పమన్నారు" అన్నాడు ఓవర్సీరు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "రేవు పాట వచ్చే నెలే కదూ?"

ఆ రేవే అచ్చమ్మ బతుకు. మొగుడు పోయిన ఆరేళ్ల నుంచీ అక్కడ జనాన్ని దాటించే హక్కు ఏటా బోర్డు పాటలో ఆమెకే దక్కుతోంది. మెంబరు ప్రసాదరావు తలుచుకుంటే ఇంకొకరికి దక్కుతుంది.

ఈ ప్రసాదరావుని లంకలన్నీ తిప్పింది కూడా అచ్చమ్మే. రెండేళ్ల కిందట ఆయన తాడేపల్లిగూడెం నుంచి ఓట్లకి వచ్చినప్పుడు, పూడిపోయిన కాలవని మనిషి మునిగేంత లోతు తవ్విస్తానన్నాడు. అది తవ్వితే వరదనీరు చేల మీద నిలవదు. జనం ఆయన మొహం చూడలేదు, అచ్చమ్మ మొహం చూశారు. "నమ్మచ్చా?" అనడిగారు. "నమ్మండి, పూచీ నాది" అని ఆమె గడపగడపకీ చెప్పింది. అప్పట్లో భూమి శిస్తు కట్టేవాళ్లకే ఓటు. సొంత భూమి లేదు గనక ఆమెకి లేదు. ఉన్నవాళ్లందరూ ఆమె మాట మీద వేశారు.

ఆ తరవాత వరసగా రెండు పంటలు మునిగిపోయాయి.

ఆ సాయంత్రం లంకలో వెంకటనరసమ్మ అరుగు మీద నుంచే కేకేసింది. "ఏమే అచ్చమ్మా, నీ మెంబరుగారు తవ్వించిన కాలవలో మా బాతు కాళ్లు తడవకుండా నడిచిపోయిందే!"

"మీ బాతు పొడుగైంది కాబోలు అక్కా" అంది అచ్చమ్మ. నవ్వు మాత్రం రాలేదు. వెంకటనరసమ్మ నాలుగెకరాల చేను అప్పటికింకా నీళ్లలోనే ఉంది.

మర్నాడు పొద్దెక్కాక ప్రెసిడెంటు భీమశంకరంగారు వచ్చారు. పెద్దవయసు, మెత్తని మాట. రెండు దోనెలు జతకట్టి పైన బల్లలు పరిచారు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. ప్రసాదరావు గొడుగు పట్టాడు. గట్టు మీద లంకల జనం చేరారు.

"ఇదేనండీ మనం తవ్వించిన కాలవ" అన్నాడు ప్రసాదరావు. "ఈ పక్క జనం నన్ను కన్నకొడుకులా చూస్తారండీ."

"ఎంత లోతమ్మా?" అనడిగారు భీమశంకరంగారు.

అచ్చమ్మ ఆ కొత్త గెడ దింపి పైకి తీసింది. ఓవర్సీరు వంగి తడిసిన కట్లు గట్టిగా లెక్కపెట్టాడు. "నాలుగండీ. నాలుగు మూరలు."

"మనిషి మునిగే లోతండీ" అన్నాడు ప్రసాదరావు.

గట్టు మీద జనం ముందుకి జరిగారు. వాళ్ల చూపులు మెంబరు మీద లేవు, అచ్చమ్మ మీద ఉన్నాయి. ఆమె గెడని బల్లల మీద పెట్టింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి కాలవలోకి దిగింది.

నీళ్లు నడుము దగ్గర ఆగిపోయాయి.

"మునగలేదండీ బాబుగారూ" అంది.

ప్రసాదరావు మొహం మాడిపోయింది. "గట్టు పక్కన దిగితే ఎలా మునుగుతావు? ఎక్కు, ఎక్కు. పెద్దల ముందు ఏమిటీ వేషాలు?"

"అయితే నట్టనడిమినే నడుస్తానండీ."

ఆమె పడవ తాడు భుజాన వేసుకుని కాలవ మధ్యకి లాగడం మొదలుపెట్టింది. వెనక కుర్చీ, గొడుగు, పెద్దమనుషులు కదిలారు. గట్టు మీద జనం కూడా ఆమెతోపాటే నడిచారు. కొంతదూరం పోయేసరికి నీళ్లు తొడల దాకా దిగాయి. కిక్కిస గడ్డి పెరిగిన మలుపు దగ్గర మోకాళ్లే తడుస్తున్నాయి. పడవ అడుగు బురదకి రాసుకుని ఆగిపోయింది.

"ఇక్కణ్ణుంచి పడవ రాదండీ. మీరు కూడా దిగితే హాయిగా నడిచిపోవచ్చు."

గట్టు మీద ఎవరో పకపకా నవ్వారు. భీమశంకరంగారు నవ్వలేదు. గెడ ఒళ్లోకి తీసుకుని ఒక కట్టు దగ్గర తన మోచెయ్యి ఆనించుకున్నారు. చెయ్యి పక్క కట్టు దాటి దాని తరవాతి కట్టు దాకా పోయింది.

"ఈ కట్లు ఎవరు కట్టారు?"

ఓవర్సీరు మెంబరు వైపు చూశాడు. మెంబరు గొడుగు వైపు చూశాడు.

"అచ్చమ్మా, రేవు సంగతి గుర్తుందా?" అన్నాడు ప్రసాదరావు గొంతు తగ్గించి.

"ఉందండీ. వీళ్లందరికీ వినపడేలా అనండి" అంది అచ్చమ్మ గొంతు తగ్గించకుండా.

"నువ్వెవరమ్మా?" అన్నారు భీమశంకరంగారు.

"ఈయనకి ఓట్లు అడిగినదాన్నండీ."

ఆయన గెడ పక్కన పెట్టారు. తరవాత, "బోర్డు తప్పకుండా విచారిస్తుంది" అన్నారు.

"విచారిస్తారండీ, తెలుసు. ఈయన కూడా తప్పకుండా తవ్విస్తానన్నారు. తవ్వాక రండి, మళ్లీ దిగుతాను. ఆ రోజు మునిగితే మీ మాట నమ్ముతాం."

పడవ వెనక్కి తోసి పెద్దమనుషుల్ని రేవులో దించింది. కొత్త గెడ వాళ్ల కారు దగ్గర పెట్టేసి, తన పాత గెడ తీసుకుంది. తడిచీరతోనే లంకల వైపు బయల్దేరింది. ఓట్లప్పుడు ఏ వరసలో తిరిగిందో అదే వరసలో తిరగాలి. మొదటి గడప వెంకటనరసమ్మది.

"అక్కా, ఆ మనిషికి నేనిచ్చిన పూచీ వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాదే. ఆయన చెప్పింది విని ఊరుకున్నానుగానీ ఏం చేశారో చూడలేదు."

వెంకటనరసమ్మ పైనుంచి కిందికి చూసింది. చీర నడుము దాకా బురదే. "చూశాంలే, గట్టు మీదే ఉన్నాంగా. రేవు పోతుందేమోనే?"

"పోతే పోనీ. గట్టు మీద నిలబడతాను."

"నిలబడి?"

"ఈసారి ఓట్లకి ఎవరొచ్చినా కాలవలోంచి నడిపించి తీసుకొస్తాను" అని అచ్చమ్మ రెండో గడపకి దోనె తోసింది.