గోడవతల పళ్లేలు

ఊరి కౌన్సిల్ వాళ్లిచ్చిన ఫిర్యాదు ఫారంలో నాలుగు గడులు. తేదీ, సమయం, ఏం జరిగింది, మీమీద దాని ప్రభావం. ఆ నాలుగో గడిలో బెరిల్ టామ్స్ ఆరు వారాలుగా ఒకే ముక్క రాస్తోంది: గుండె దడ.

డెబ్బై రెండేళ్ల మనిషికి గుండె దడ పుట్టడానికి ఆ పక్కిల్లు చాలు. రెండేళ్ల కిందట ఎవడో కంపెనీవాడు దాన్ని కొని, ఐదు గదులుగా చీల్చి, ‘ఆసరా గృహం’ అని పేరు పెట్టాడు. తాగుడు మానినవాళ్లు, మానబోతున్నవాళ్లు, మానే ఉద్దేశమే లేనివాళ్లు, జైలు గేటు నుంచి సంచీతో సరాసరి వచ్చి దిగినవాళ్లు, అందరూ అందులోనే. ఆసరా అంటే వారానికి రెండుసార్లు వచ్చి గంటసేపు ఉండిపోయే లీన్ అనే పిల్ల ఒక్కతే. మిగతా వారమంతా ఆసరా కావలసింది బెరిల్‌కే. వాళ్లు కాల్చిన పరుపు వీధిలో మూడు రోజులు కంపు కొట్టింది. చెత్తడబ్బాలు ఎప్పుడు చూసినా బోర్లానే ఉండేవి. ఒకడు పట్టపగలు, పోస్టుమాన్ చూస్తుండగా, ఆమె గుమ్మం మీదే ఉచ్చ పోసి పోయాడు.

వీటన్నిటినీ మించినవి పళ్లేలు. రోజూ పొద్దున పదకొండు దాటాక గోడవతల పెరట్లో ఒక్కొక్కటే భళ్లున పగిలేది. ఒకటి పగిలాక చాలాసేపు చప్పుడుండదు. రెండోది ఎప్పుడు పగులుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చోవడమే అసలు శిక్ష. ఒకరోజు పెంకు గోడ దాటొచ్చి, ఆరేసిన దుప్పటిని నిలువునా చీల్చింది.

“ఎవడ్రా అది? ఒళ్లు కొవ్వెక్కిందా?” అని అరిచింది బెరిల్.

“పోవే ముసలి గబ్బిలమా! చెవుల్లో దూది పెట్టుకో!” అని జవాబొచ్చింది.

ఆ గొంతు కెల్విన్‌ది. యాభై దాటినవాడు, ఎర్రగడ్డం, తలుపు చట్రమంత మనిషి. చేతులు మాత్రం ఎప్పుడూ వణుకుతూ ఉండేవి. సిగరెట్ ముట్టించుకోవడానికి వాడికి నాలుగు పుల్లలు కావాలి. ఆ బర్స్‌లెమ్ ఊళ్లో బస్సు డ్రైవరు నుంచి డాక్టరు దాకా ఎవరు ఎవరినైనా ఆప్యాయంగా ‘డక్’ అనే పిలుస్తారు. ఆ డక్ అనే మాట పక్కింటివాళ్లలో ఒక్కడికీ బెరిల్ దక్కనివ్వలేదు.

కౌన్సిల్ నుంచి వచ్చిన ప్రిచర్డ్ మెత్తని మనిషి. మొదటిసారి వచ్చినప్పుడే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“ఇల్లంతటి మీదా కేసు పెడితే రెండేళ్లు పడుతుందండీ, లాయర్లూ అదీ. ఒక్క మనిషైతే తేలిక. ఫలానావాడే చేశాడని తేదీలతో రాసివ్వండి, రెండు వారాల్లో ఖాళీ చేయిస్తాను.”

“చేయించి ఎక్కడికి పంపుతారు?”

ప్రిచర్డ్ పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. “అది మా శాఖ కాదండీ.”

ఎక్కడికో బెరిల్‌కు తెలుసు. బస్ స్టేషన్ వెనకాల రేకుల కిందికి. పైగా ఫిబ్రవరి. నేనేమన్నా తాగమన్నానా, నేనేమన్నా పగలగొట్టమన్నానా అని మనసుకు సర్దిచెప్పుకుని, ఆమె రాయడం మొదలుపెట్టింది. పరుపు కాల్చిందెవడో తెలియదు. గుమ్మం మీద పోసినవాడి మొహం చూడలేదు. పళ్లేల మనిషి మాత్రం తెలుసు. కాబట్టి కాగితాల నిండా పళ్లేలే.

ఆరో వారం మంగళవారం నాడు పళ్లేలకు బదులు పెన్సిళ్లు వచ్చాయి. బెరిల్ బట్టలు ఆరేస్తోంది. గోడమీదుగా ఒక పసుప్పచ్చ పెన్సిల్ వచ్చి బుట్టలో పడింది. తర్వాత ఇంకోటి. వరసగా, ఒకదాని వెనక ఒకటి, పెళ్లిలో అక్షింతల్లా. ఆమె అది కూడా రాసుకుంది.

మర్నాడు లీన్ తలుపు తట్టింది. వేరే ప్రాంతం పిల్ల, ఆ ఊరికి వచ్చి ఏడాది కాలేదు. ఏడుపు ఆపుకుంటున్న మొహం.

“సారీ బెరిల్ గారూ. కెల్వినే అడిగాడండీ! నెల రోజుల్నించీ ఒకటే గోల, పెన్సిల్ కావాలి, మంచి పెన్సిల్ కావాలని. బొమ్మలేసుకుంటాడు కాబోలు, మనసు కుదుటపడుతుందిలే అని డబ్బా తెచ్చిచ్చాను. చూసి, నన్ను వెక్కిరిస్తున్నావా అని పన్నెండూ విసిరికొట్టాడు.”

“పదకొండే దొరికాయి,” అంది బెరిల్ టీ పోస్తూ. “పాత పెన్సిల్ ఏమైందట?”

“చచ్చిపోయిందట! దాని వెంట్రుకలు రాలిపోయాయట! పెన్సిల్‌కి వెంట్రుకలేంటండీ, చెప్పండి? మందు మానినవాళ్లకి మొదట్లో మతి అలా…”

టీ కప్పు నిండి సాసర్లోకి, సాసర్లోంచి బల్లమీదికి పారింది. బెరిల్ చూసుకోలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆమె పింగాణీ ఫ్యాక్టరీలో చక్రం ముందు కూర్చుంది. తిరిగే పళ్లెం అంచున రంగుగీత గీయడం ఆమె పని. ఆ గదిలో కుంచె అన్న మాట ఒక్కనాడూ వినలేదు. పొడుగాటి వెంట్రుకలున్న ఆ సన్నటి కుంచెను అక్కడ అందరూ పెన్సిల్ అనే అంటారు. గీత తేడా వస్తే, పని చూసే పెద్దావిడ పళ్లెం మన చేతికే ఇచ్చేది. ఎవరి తప్పును వాళ్లే తొట్టిలో పగలగొట్టాలి. లేకపోతే చెడ్డ సరుకు అడుగున ఊరి ముద్రతో బయటికి పోతుంది. ఆ భళ్లుభళ్లుల మధ్యే ఆమె పెళ్లి చేసుకుంది, ముసలిదైంది. అలాంటి తను ఆ చప్పుడును రౌడీతనమని ఆరు వారాలు రాసింది! సిగ్గుతో బెరిల్ చెవులు వేడెక్కాయి.

లీన్ వెళ్లాక ఆమె పెరట్లో బకెట్టు బోర్లించి, దానిమీదెక్కి గోడవతలికి చూసింది.

కాలు విరిగిన బల్ల. దానిమీద పాత రికార్డ్ ప్లేయరు. తిరిగే చక్రం మీద ఒక తెల్ల పళ్లెం. కెల్విన్ వేలితో దాన్ని మెల్లగా తట్టి తట్టి మధ్యకు తెస్తున్నాడు. ఆ వేళ్లు ఎంత వణుకుతున్నాయంటే, పక్కనున్న గాజుగ్లాసుకు తగిలి టకటకమంటున్నాయి. వెంట్రుకలు ఊడిన కుంచెను నీలిరంగులో ముంచాడు. రంగు బల్లమీదంతా చిందింది. ఇక చాలు, వీడివల్ల కాదు అనుకుంది బెరిల్.

అంతలో వాడు మోచేతిని డొక్కలోకి అదిమి, ఊపిరి బిగబట్టి, కుంచెను పళ్లెం మీదికి వంచాడు. వణుకు ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోయింది. కుంచె మొన తాకిన చోట నీలిగీత పుట్టి, పళ్లెం చుట్టూ పాకి, తన తోకను తానే అందుకుంది. బెరిల్ చర్చికి వెళ్లడం మానేసి నలభై ఏళ్లు. చిన్నప్పుడు అక్కడ అందరూ ఒక్కసారి లేచి నిలబడి పాడినప్పుడు కలిగినదేదో, ఇప్పుడు బోర్లించిన బకెట్టు మీద, చెత్తడబ్బాల వాసనలో మళ్లీ కలిగింది. ఆమె కూడా గీతలు గీసింది, వేలకు వేలు. కాని ఆమె చేతులు ఎప్పుడూ వణకలేదు. కుదురైన చెయ్యి నిలబడడంలో గొప్పేముంది? ఈ చెయ్యి ఎక్కడినుంచి వచ్చి నిలబడుతోంది!

కెల్విన్ పళ్లెం తీసి వెలుగులో తిప్పి చూశాడు. మొహం ముడుచుకున్నాడు. గోడకేసి కొట్టాడు.

“అదేంట్రా! అందులో తప్పేముంది?” అని అరిచేసింది బెరిల్.

వాడు తలెత్తాడు. “వచ్చావా గబ్బిలమా? గీత కలిసినచోట అతుకు తెలుస్తోంది. గడియారంలో నాలుగు దగ్గర లావయింది. నీకు కనబడదులే.”

“ముప్పై ఒక్క ఏళ్లు చక్రం ముందు కూర్చున్నదాన్ని. నాకు కనబడదూ?”

వాడు గోడ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. “నీలం గీతా, బంగారు గీతా?”

“రెండూను. నువ్వు?”

“బంగారం. మా మేనత్త నేర్పింది. ఫ్యాక్టరీ మూసేసేదాకా చేశా. తర్వాత తాగా.” కుంచె వంక చూసుకున్నాడు. “మానేసి నలభై రోజులు. ఒక్కటి, అతుకు కనబడకుండా ఒక్కటొస్తే చాలు.”

“వస్తే ఏమవుతుంది?”

“నేనింకా ఉన్నట్టు.”

బెరిల్ బకెట్టు దిగి లోపలికెళ్లింది. గుండీల డబ్బా అడుగున, పాత గుడ్డలో చుట్టి, ఇరవై ఏళ్లుగా ఎవరికీ ఇవ్వనిది ఒకటుంది. తెచ్చి గోడమీద పెట్టింది.

“ఇదిగో పెన్సిల్. పనయ్యాక కడక్కుండా ఆరబెట్టావంటే చంపేస్తాను, డక్. దుప్పటి సంగతి మాత్రం నేను మర్చిపోలేదు.”

వాడు ఆ కుంచెను రెండు చేతులా అందుకున్నాడు. గబ్బిలం అనలేదు.

గురువారం పదకొండింటికి ప్రిచర్డ్ వచ్చాడు. ఎండ కాస్తోందని పెరట్లోనే కుర్చీలు వేసి, చీజ్ పెట్టి చుట్టిన ఓట్స్ అట్టు పెట్టింది బెరిల్. అతనూ ఆ ఊరివాడే. అట్టు తినేసి, ఊళ్లో అందరికీ ఉన్న అలవాటు కొద్దీ పళ్లెం బోర్లించి, ఎక్కడ తయారైందో తెలిపే అడుగు ముద్ర చూశాడు. తర్వాత కాగితాలు తీసుకున్నాడు. పళ్లేల గురించి రాసిన ప్రతి వరసా కొట్టేసి ఉంది. పక్కన ఒకే మాట: పని.

“ఇదేంటండీ?”

“పని చేసుకుంటున్నాడు. నాకే ఆలస్యంగా అర్థమైంది.”

“ఇవి తీసేస్తే నాకు మనిషి పేరే ఉండదు. మళ్లీ రెండేళ్ల కథ.”

“తెలుసు. పరుపు రాసుకో. చెత్త రాసుకో. వారానికి రెండు గంటల ఆసరా చూపించి ఐదు గదుల అద్దె దండుకునేవాడి పేరు పెద్దక్షరాలతో రాసుకో.”

ప్రిచర్డ్ నిట్టూర్చాడు. “మీరు రాసింది మీరు కొట్టేసుకోవచ్చు. కాని ఇప్పుడు నేనిక్కడున్నాను. నా చెవులారా విన్నది నేను రాయక తప్పదు. నాలాంటివాడి సాక్ష్యం ఒక్కటి చాలు, వాడు బయటికే.”

అప్పుడే గోడవతల రికార్డ్ ప్లేయరు గరగరమంటూ మొదలైంది.

బెరిల్ కుర్చీలోంచి సగం లేచింది. అరిచి హెచ్చరిద్దామంటే, సరిగ్గా కుంచె పెట్టే క్షణంలో ఉలిక్కిపడతాడేమో. తట్టి తట్టి మధ్యకు తెస్తూ ఉంటాడు. ముంచి ఉంటాడు. ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఆమె కూడా బిగబట్టింది. గరగర ఆగింది. ఇప్పుడు వెలుగులో తిప్పుతున్నాడు, అతుకు వెతుకుతున్నాడు. ఈ ఒక్కటీ పగలగొట్టకురా అందామనుకుంది. కాని ఆ మాట ఆమె మనసులో కూడా పూర్తిగా రాలేదు. అతుకుంటే పగలగొట్టు, డక్, అనుకుంది. పగలగొట్టాల్సిందే. అయినా ఉండకూడదు. దేవుడా, ఉండకూడదు.

ప్రిచర్డ్ పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. వీధి చివర బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది. చప్పుడు లేదు.

గోడమీద ఎర్రటి వెంట్రుకలున్న చెయ్యి ఒకటి లేచింది. అరచేతిలో ఒక పళ్లెం. చెయ్యి విపరీతంగా వణుకుతోంది. పళ్లేన్ని గోడమీద పెట్టి, వెనక్కి తగ్గిపోయింది.

బెరిల్ బకెట్టెక్కి దాన్ని అందుకుంది. రంగు ఇంకా తడిగానే ఉంది కనుక తలకంటే ఎత్తుకు ఎత్తి ముందు అడుగు చూసింది. ఊరి ముద్రే. తర్వాత దించి అంచు చూసింది. పన్నెండు దగ్గర మొదలుపెట్టి ఒక చుట్టు చూసింది. మళ్లీ ఇంకో చుట్టు. ముప్పై ఒక్క ఏళ్లు అతుకులు పట్టుకున్న కళ్లు అవి. దొరకలేదు. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఆమెకు దొరకలేదు.

దాన్ని ప్రిచర్డ్ ముందుకు చాపింది. అతను వంగి, కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు వెతికాడు. తర్వాత పెన్ను బల్లమీద పెట్టేశాడు.

బెరిల్ ఆ పెన్ను తీసుకుని, చివరి కాగితంలో మిగిలిన చివరి వరస నింపింది. గురువారం. పదకొండూ నలభై. పళ్లెం పగల్లేదు.

నాలుగో గడి దగ్గర చెయ్యి కాస్త ఆగింది. తర్వాత ఎప్పుడూ రాసేదే రాసింది: గుండె దడ.