దొంగ పొద్దు

జంషెడ్‌పూర్ ఆకాశమంటే కస్తూరమ్మకి ఒళ్ళు మంట. అదీ ఒక ఆకాశమేనా? చలికాలమంతా బాగ్‌బేరా రైల్వే క్వార్టర్ల మీద మాసిన దుప్పటిలా పడి ఉంటుంది. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి మసిగుడ్డ అయిపోతుంది. పోనీ రాత్రయినా నల్లగా ఉంటుందా అంటే అదీ లేదు. కార్ఖానాలో ఇనుము తీయగా మిగిలిన చిట్టెం, ఆ నిప్పుల మడ్డి, తెచ్చి గుట్ట మీద కుమ్మరించినప్పుడల్లా ఈశాన్యం ఎర్రబడుతుంది. దానికి ఆవిడ పెట్టిన పేరు దొంగ పొద్దు. కంటబడినప్పుడల్లా తుపుక్కున ఉమ్మేస్తుంది.

అయినా ఈ ఏడు ఆ పాడు ఆకాశాన్నే రోజూ తెల్లారగట్ల చూసింది. భర్త బంగారురాజు యార్డులో వ్యాగన్లని అటూ ఇటూ జరిపే షంటింగ్ ఇంజన్ డ్రైవరు. కళ్ళు మసకేస్తున్నాయి. వచ్చే నెల కంటి పరీక్ష. అందులో తప్పితే ఇంజన్ మీంచి దింపేస్తారు. అందుకని రథసప్తమి నాడు సరిగ్గా పొద్దు పొడిచే వేళకి పాలు పొంగిస్తానని సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. పుష్యమాసంలో తూర్పునున్న నీళ్ళట్యాంకుకి కుడిపక్కన లేచిన పొద్దు రోజూ కాస్త కాస్త ఎడమకి జరుగుతూ, మాఘం వచ్చేసరికి ట్యాంకు దాకా వచ్చింది. వెలుగులో పసుపు కలిసింది. చలి వెనక్కి తగ్గుతుంటే ఆవిడకి ఆశ పుట్టింది.

సప్తమి నాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని ఇద్దరూ స్నానాలు చేశారు. వాకిట్లో పిడకలు రాజేసి, కస్తూరమ్మ ఇత్తడి గిన్నెలో పాలు పెట్టింది. ఏం కక్షో, ఆ రోజే మంచు గోడ కట్టినట్టు దిగింది.

"వచ్చీసినాడే," అన్నాడు బంగారురాజు చేతులు జోడించి. "ఎర్రగున్నాడు. అదిగో, ఎడం పక్క."

నిజమే, ఎడమవైపు మంచు అంతా ఎర్రబడింది. పొద్దు జరుగుతున్నదీ అటే కదా. పైగా ముందు చూసినవి మసకేసిన ఆయన కళ్ళే. కస్తూరమ్మ ఇంక ఆగలేదు. గబగబా పిడకలు ఎగదోసింది. పాలు పొంగి నిప్పుల మీద పడ్డాయి. కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

కళ్ళు తెరిచేసరికి ఆ ఎరుపు ఆరిపోతోంది. ఎక్కడైనా సూర్యుడు ఆరిపోతాడా?

ఛీ. చిట్టెం. ఇన్నేళ్ళూ దేన్ని చూసి ఉమ్మిందో దానికే పాలు పొంగించింది. గిన్నెలో మిగిలిన పాల మీద మసి తేలుతోంది. ఆ గుట్ట మీద, ఆ మంచు మీద, అన్నిటికంటే తన మీద తనకే రోత పుట్టింది.

కాసేపటికి మంచు కొంచెం విచ్చి, ట్యాంకు పక్కన అసలు పొద్దు లేచింది. తెల్లగా, చిన్నగా. బంగారురాజు మాత్రం ఇంకా ఎడమకే తిరిగి దండం పెడుతున్నాడు.

"అది చిట్టెం మావా. సూర్యుడు ఇటున్నాడు," అంది.

ఆయన ఇటు తిరిగి చాలాసేపు వెతికాడు. "ఏడే?"

"అదిగో, ట్యాంకు పక్కన."

"ట్యాంకేదీ? అంతా మంచు గదా," అన్నాడు. తనే నవ్వాడు. "ఏటీ అవ్వదే. ఎరుపు అవుపడింది గదా. సిగ్నల్‌కి అది చాల్దేటి?"

కస్తూరమ్మ యార్డు వైపు చూసింది. బళ్ళకి కొక్కేలు తగిలించేవాళ్ళు వ్యాగన్ల సందుల్లోకి దూరుతున్నారు. అందరూ మంచు రంగులోనే ఉన్నారు. పాలు తీసుకెళ్ళి మురిక్కాలవలో పారబోసి వచ్చింది.

"బళ్ళ మధ్యకి దూరీవోళ్ళు ఎర్రగుండరు మావా," అంది. "ఈయేల ఇంజన్ ఎక్కకు."

ఆయన జోడించిన చేతులు దించుకున్నాడు.